బ్రేకు తొక్కక ముందే ఇరవై మీటర్లు

బడిలో మేము చేసిన గమన సమీకరణాల లెక్కల్లో వాహనం వేగం ఎప్పుడూ గంటకు 36, 54, 72 కిలోమీటర్లలో ఏదో ఒకటిగా ఉండేది. సెకనుకు మీటర్లలోకి మార్చడానికి 5/18తో గుణిస్తే పూర్ణసంఖ్య రావడం కోసమే ఆ అంకెలను ఎంచుకునేవారని చాలా ఆలస్యంగా గ్రహించాను. ఆ సౌలభ్యాన్ని ఇక్కడ నేనూ వదులుకోను. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. ఆ వేగంతో పోతున్న కారుకు ఏదైనా అడ్డం వస్తే, పూర్తిగా ఆగేసరికి అది ఎంత దూరం పోతుంది?

మొదటిసారి ఈ లెక్క సొంతంగా వేసుకున్నప్పుడు, బ్రేకు పడిన తరువాతి దూరాన్ని మాత్రమే కట్టి, వచ్చిన జవాబు చూసి ఇంతేనా అని నిబ్బరపడ్డాను. కానీ బ్రేకు పడేలోగా కన్ను అడ్డాన్ని చూడాలి, మెదడు దాన్ని ప్రమాదంగా గుర్తించాలి, కాలు యాక్సిలరేటర్ మీది నుంచి బ్రేకు మీదికి మారాలి. ఇంతటికీ ఒక్క సెకను చాలనుకున్నా (పరధ్యానంలో ఉన్నవారికి అది చాలదు), ఆ సెకనులో వేగం ఏమాత్రం తగ్గదు కనుక కారు 20 మీటర్లు పోనే పోతుంది.

ఆ తరువాత కారును ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. సమతలమైన రోడ్డు మీద ఆ బలం, గరిష్ఠంగా, కారు బరువును ఘర్షణ గుణకంతో (రోడ్డు మీద టైరు పట్టు ఎంతో చెప్పే సంఖ్యతో) గుణించినంత ఉంటుంది. దాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే ఋణ త్వరణం వస్తుంది. బరువులో ద్రవ్యరాశి ఇదివరకే ఉంది కాబట్టి పైనా కిందా కొట్టేస్తే ఘర్షణ గుణకమూ గురుత్వ త్వరణమూ మాత్రమే మిగులుతాయి. బరువైన కారు ఆగడానికి ఎక్కువ దూరం కావాలన్న మన ఊహకు ఈ సమీకరణంలో చోటే లేదు. మోయలేనంత సరుకు ఎక్కించిన వాహనానికి బ్రేకులు వేడెక్కి పట్టు సడలడం వేరే సంగతి.

పొడి తారురోడ్డుకు గుణకాన్ని 0.7గా తీసుకుని 9.8తో గుణిస్తే 6.86 వస్తుంది. అంటే గడిచే ప్రతి సెకనుకూ, సెకనుకు 6.86 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందన్నమాట. తుది వేగం సున్నా కనుక, తొలి వేగం వర్గాన్ని ఈ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే దూరం తెలుస్తుంది: 400ను 13.72తో భాగిస్తే సుమారు 29 మీటర్లు. మొదటి 20 మీటర్లతో కలిపి 49. వాన పడి గుణకం 0.4కు తగ్గితే ఈ 29 మీటర్లే 51 అవుతాయి.

వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుందని పాఠాల్లో చదువుకున్నదే. నన్ను ఉలిక్కిపడేలా చేసిన లెక్క మరొకటి ఉంది. రెండు కార్లు పక్కపక్కనే, ఒకటి 72తో, ఇంకొకటి 90తో పోతున్నాయి. సరిగ్గా 50 మీటర్ల ముందున్న అడ్డం ఇద్దరు డ్రైవర్లకూ ఒకేసారి కనిపించింది. మొదటి కారు అడ్డానికి మీటరు లోపు ఎడంలో ఆగిపోతుంది. సెకనుకు 25 మీటర్లు పోయే రెండో కారుకు తొలి సెకనులోనే సగం దూరం ఖర్చయి, బ్రేకుకు 25 మీటర్లే మిగులుతాయి. తొలి వేగం వర్గమైన 625 నుంచి 13.72, 25ల లబ్ధమైన 343ను తీసేస్తే, అడ్డం దగ్గర మిగిలిన వేగం వర్గం 282. దాని వర్గమూలం సెకనుకు దాదాపు 16.8 మీటర్లు. అంటే, పక్క కారు నిశ్చలంగా నిలబడిన చోట ఈ కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అడ్డాన్ని గుద్దుకుంటుంది.

జవాబు తప్పేమోనని రెండుసార్లు సరిచూసుకున్నాను. దూరంతో పాటు సమానంగా తగ్గేది వేగం కాదు, దాని వర్గం. కాబట్టి క్షేమంగా ఆగిన ఆ మొదటి కారు కూడా, బ్రేకు దూరంలో ఇక 7 మీటర్లే మిగిలి ఉందనగా, ఇంకా గంటకు 36 కిలోమీటర్ల వేగంతోనే పోతూ ఉంటుంది.