బత్తాయి తోట తీసేస్తున్నారా? చెట్టును నేలమట్టానికి కోయించకండి

నల్లగొండ వైపు ముదిరిన బత్తాయి తోటలు తీయించేటప్పుడు పని ఎక్కువగా చెడేది మొదటి రోజే. కట్టెల బేరగాడు చెట్టును నేల దాకా కోసుకుపోతాడు. ఆ తర్వాత జేసీబీ వచ్చినా బకెట్‌కు పట్టు దొరకదు. కొమ్మలు మాత్రమే కొట్టించి, మానును మూడు నాలుగు అడుగుల ఎత్తు ఉంచండి.

అంతకన్నా ముందు డ్రిప్ లాటరల్స్ (చెట్ల వరుసల వెంట పరిచిన సన్న పైపులు) చుట్టేసి, వాటికి నీళ్లిచ్చే, భూమిలో ఉన్న సబ్‌మెయిన్ పైపు దారి పొడవునా కర్రలు పాతండి. పైపు పగిలాక గానీ చాలామందికి ఈ సంగతి గుర్తుకు రాదు.

నేల పదును మీద ఉన్నప్పుడే చెట్లు పీకించాలి. ఎండి గట్టిపడ్డ చెల్కలో వేళ్లు పుటుక్కున తెగి లోపలే ఉండిపోతాయి. మానుకు మీటరు దూరంలో రెండు వైపులా తవ్వించి, పక్క వేళ్లు తెంపాక మానును పైనుంచి నెట్టమనండి. 6×6 మీటర్ల ఎడంలో ఎకరానికి 110 చెట్ల దాకా ఉంటాయి. గంటల లెక్కన బాడుగ కాబట్టి డ్రైవర్ తొందరపడతాడు, పక్కన ఒక మనిషి ఉండాల్సిందే.

పైకొచ్చిన వేళ్లను చూడండి. బెరడు చేత్తో లాగితే ఊడివచ్చి, కుళ్లు వాసన కొడితే అది ఎండుకుళ్లు అనే శిలీంధ్రపు తెగులు. ఆ చెట్టు చచ్చేముందు విరగపూసి ఉంటుంది, చాలామంది దాన్ని మంచి కాపు అనుకుంటారు. ఆ వేళ్లను గట్ల మీద పడేయకుండా అక్కడే కాల్చేయాలి.

వెంటనే రోటావేటర్ తిప్పించడం పెద్ద తప్పు. తెగులు పట్టిన వేళ్లు ముక్కలై, ఆ శిలీంధ్రం పొలమంతా పరుచుకుంటుంది. ముందు ఎండాకాలంలో లోతుగా దున్నించి, కల్టివేటర్ లాగించి, కూలీలతో వేళ్లు ఏరించండి. మిగిలిన వేళ్ల నుంచి లేచే ముళ్ల చిగుళ్లు బత్తాయివి కావు, దాన్ని అంటుకట్టిన వేరుమూలం (అడుగు మొక్క) జంబేరివో రంగపూర్ నిమ్మవో అయి ఉంటాయి. అవి లేతగా ఉన్నప్పుడే పీకేయాలి. లేకపోతే సిల్లా పురుగు వాటి మీద పెరిగి పక్కవాళ్ల తోటకు గ్రీనింగ్ తెగులు మోసుకెళుతుంది.

తొలకరికి జనుము చల్లి, పూత దశలో కలియదున్నండి. 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, నీడలో తడిగా మాగబెట్టి చల్లితే నేల తేరుకుంటుంది. మళ్లీ బత్తాయే కావాలంటే రెండు మూడేళ్లు జొన్న లాంటి పైర్లు తీశాక, రంగపూర్ నిమ్మ మీద అంటుకట్టిన మొక్కలను పాత గుంతల్లో కాకుండా సాళ్ల మధ్య నాటండి.