సగం పనైన బండి

శనివారం, విజయనగరం

వేలంలో పాడుకున్న పాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు మధ్యాహ్నానికి దాసన్నపేట షెడ్డులో దిగింది. టాపు లేదు, సీట్లు లేవు. బానెట్ మీద మాత్రం కొత్త ఎర్ర రంగు నిగనిగలాడుతోంది. ఎవరో మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. ఇలాంటి బండిలో మిగిలిపోయిన పని భయపెట్టదు. కంటికి కనిపిస్తుంది, ఖర్చు లెక్క కట్టుకోవచ్చు. అయిపోయిందన్న పనితోనే బెడద.

అందుకే ముందు అయస్కాంతం. పల్చటి గుడ్డలో చుట్టి మడ్‌గార్డు అంచుల వెంబడి, హెడ్‌లైట్ల చుట్టూ, తలుపుల కింద జరపాలి. పట్టు వదిలిన చోట రంగు కింద పుట్టీ (తుప్పు గుంటలు పూడ్చే లప్పం) మందంగా ఉన్నట్టే. ఎడమ తలుపు అడుగున బెత్తెడు మేర పట్టనే లేదు. భోగాపురం, చింతపల్లి వైపు ఉప్పుగాలికి నిలబడ్డ బండైతే ఈ పరీక్ష పాటకి ముందే చేసుకోవాలి. వేలంలో 'ఉన్నది ఉన్నట్టుగా' అన్నాక తర్వాత అడగడానికి ఏమీ ఉండదు.

హెరాల్డ్‌కి ఛాసిస్ (కింది చట్రం) వేరు, బాడీ వేరు. 1959లో ఇంగ్లండులో వచ్చినప్పటి నుంచీ అంతే. పైకప్పు కూడా బోల్టుల మీదే నిలబడుతుంది. కాబట్టి మామూలు హెరాల్డ్‌కి టాపు ఊడదీసి కన్వర్టిబుల్ (టాపు మడిచే బండి) అనడం తేలిక. ముందు అద్దం ఫ్రేము పైపట్టీకి హుడ్ (మడిచే కాన్వాసు టాపు) క్లాంపులు, సీటు వెనక హుడ్ కడ్డీలు తిరిగే బ్రాకెట్లు ఉన్నాయా అన్నది చూడాలి. దీనికి బ్రాకెట్లున్నాయి, కడ్డీలు లేవు. కాన్వాసు కుట్టేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు గానీ, కడ్డీలు లేనిదే కొలత ఎక్కడ తీస్తారు? పోయిన సామానులో అసలు ఖరీదైనది ఇదే.

టాపు సంగతి కాగితాల్లోనూ తగులుతుంది. 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టరు చేయించాలంటే, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. అలా చేయించినా ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలు, రిపేర్లకి తప్ప రోజూ తిప్పుకోవడానికి లేదు. ఇక వేలంలో కొన్న బండి పేరు మార్చుకోవడానికి ఫారం 32. 30 రోజుల్లోపు పెట్టాలి. ఆర్‌సీలో ఉన్న నంబర్లని బండి మీది నంబర్లతో అక్షరం అక్షరం సరిచూశాకే డబ్బు కట్టడం మంచిది.

ఛాసిస్ నుంచి పక్కలకి వచ్చే ఔట్‌రిగ్గర్లని స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూస్తే వెనక రెండూ మెత్తబడ్డాయి. మార్చొచ్చు. కానీ కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డు కొట్టుకోవాలి. పైకప్పు లేని బాడీ కాస్త కుంగినా తలుపు పైసందు మూసుకుపోతుంది, కిందిది తెరుచుకుంటుంది. తర్వాత షిమ్ములు (సందు సర్దే పల్చటి రేకులు) ఎన్ని పెట్టినా కుదరదు.

ఇంజను 948 సీసీ, బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండరులో రెండు చెంచాల ఆయిలు పోసి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున్న పుల్లీ నట్టుకి పానా పెట్టి అటూ ఇటూ కదపాలే గానీ సెల్ఫు కొట్టకూడదు. తిరగడం మొదలెట్టాక ఒకరు క్లచ్ తొక్కుతుంటే ఇంకొకరు ముందు పుల్లీ చూడాలి. క్రాంకుకి (పిస్టన్లు తిప్పే ఇరుసుకి) ముందూ వెనకా ఆట 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉండొచ్చు. కంటికి తెలిసేంత కదిలిందంటే ఆ ఆటని ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి. అవి అడుగున ఆయిలుండే సంపులో రాలిపడితే క్రాంకు నేరుగా బ్లాకునే తినేస్తుంది. ఈ ఇంజన్లకి ఇది పాత జబ్బే.

ముందు చక్రాల కింద ట్రనియన్ల (చక్రం పక్కకి తిరిగే మర కీళ్ళ) దగ్గర మేస్త్రి ధీమాగా ఉన్నాడు. "గ్రీజు కొట్టీసినాం బాబూ, ఇంకేటీ అవదు!" అవుతుంది. అక్కడ గ్రీజు పనికిరాదు, ఈపీ 90 గేరాయిలే పట్టించాలి. గ్రీజు మరల సందుల్లో గడ్డకట్టి లోపలికి నీరు చేరితే పైనున్న నిలువు లింకు తుప్పు పట్టి ఒకరోజు పుటుక్కున విరుగుతుంది, చక్రం పక్కకి మడతపడుతుంది. ఎడమ ట్రనియన్‌కీ కుడిదానికీ మరలు ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి, విప్పి పెట్టేటప్పుడు గుర్తు వేసుకోవాలి.

బ్రేకుల గురించి ఇప్పుడే ఆలోచించక్కర్లేదు. రబ్బర్లన్నీ ఎలాగూ కొత్తవే వెయ్యాలి.

చివరిగా బోల్టుల డబ్బాలు. హెరాల్డ్‌కి ఎక్కువచోట్ల అంగుళాల లెక్కన యూఎన్‌ఎఫ్ (సన్న) మరలే ఉంటాయి. 5/16 అంగుళం దానికి, 8 ఎంఎం దానికి లావులో పెద్ద తేడా తెలీదు, మర మాత్రం వేరు. ఒకటి రెండు చుట్లు చేత్తోనే ఎక్కుతుంది, ఆ తర్వాత పానాతో బలవంతంగా తిప్పితే లోపలి మర చెడుతుంది. రంగు వేసిన బానెట్ కబ్జాల దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. ఊళ్ళో దొరికే, లోపలి మర కోసే ట్యాపులన్నీ ఎంఎంవే. 5/16 యూఎన్‌ఎఫ్ ట్యాపు కోసం విశాఖ వెళ్ళాలి.