ఆవిడ మొక్కింది, నేను తీర్చాను

మొక్కు తీరి ఇంటికొచ్చాను గానీ మోకాలు మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. అయినా ఆ వేడి చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

అసలు ఈ మొక్కు నేను మొక్కింది కాదు. మా అమ్మాయి భూటాన్ తూర్పు కొసన త్రాషియాంగ్ట్సేలో టీచరు. కిందటి వానాకాలంలో దానికి న్యుమోనియా వచ్చింది. మోంగర్ పెద్దాసుపత్రికి తీసుకెళ్దామంటే కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది. గుంటూరులో కూర్చుని ఫోన్ పట్టుకుని ఏడవడం తప్ప నేను చేయగలిగింది లేదు. అప్పుడు పిల్ల అద్దెకుండే ఇంటావిడ ఫోన్ తీసుకుంది. ముందు హిందీలో మొదలుపెట్టింది, నా హిందీ అంతంతమాత్రం. కాసేపటికి ఆవేశంలో హిందీ వదిలేసి సొంత భాషలోకి వెళ్ళిపోయింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మధ్యలో "చోర్టెన్ కోరా" అని రెండుమూడుసార్లు వినపడింది. నేను "సరేనమ్మా, సరేనమ్మా" అన్నాను. ఇంకేం అంటాను?

పిల్ల కోలుకున్నాక చెప్పింది. "అమ్మా, నువ్వు మొక్కుకి ఒప్పేసుకున్నావు తెలుసా? నాకు తగ్గితే వచ్చే దక్పా కోరాకి, అంటే ఇక్కడి ప్రదక్షిణ పండక్కి నువ్వొచ్చి, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా చోర్టెన్ చుట్టూ, అదే ఇక్కడి బౌద్ధ స్తూపం చుట్టూ తిరుగుతావని ఆంటీ మొక్కేసింది."

మా ఆయన నవ్వారు. నీకు రాని భాషలో, నువ్వెరగని దేవుడికి ఎవరో మొక్కితే అది నీ మొక్కెలా అవుతుందని లా పాయింటు తీశారు. పిల్ల లేచి తిరుగుతోంది. నాకు ఏ పాయింటూ అక్కర్లేదు.

గౌహతి దాకా రైలు, అక్కణ్నుంచి సమ్‌ద్రుప్ జోంఖర్ సరిహద్దు, పర్మిట్ కాగితాలు, ఆ తర్వాత అన్నీ మలుపులే. వాటి గురించి రాయను, తలుచుకుంటేనే కడుపులో తిప్పుతోంది. డోక్సుమ్ దగ్గర రెండు నదులు కలుస్తాయి. ఒకటి చోర్టెన్ పక్కనుంచి వచ్చే ఖోలాంగ్ ఛూ, రెండోది తవాంగ్ నుంచి, అంటే మన అరుణాచల్ నుంచి వచ్చే ద్రాంగ్మే ఛూ. ఇంటావిడ పుట్టిల్లు ఆ రెండో ఏటి ఎగువనే.

దక్పాలంటే తవాంగ్ వైపు కొండల్లో ఉండే మోన్పా జనమే. తక్పా అని కూడా రాస్తారు. తవాంగ్ చుట్టుపక్కల, భూటాన్‌లో త్రాషిగాంగ్ వైపు కొన్ని ఊళ్ళలో, చైనా చేతిలో ఉన్న చోనా వైపు కూడా వీళ్ళ మాట వినపడుతుంది. ఆరో దలైలామా త్సాంగ్యాంగ్ గ్యాత్సో 1683లో పుట్టింది తవాంగ్ దగ్గర ఉర్గెల్లింగ్‌లో, వీళ్ళ మధ్యే. ఆ సంగతి చెప్పాకే ఇంటావిడ నాకు అన్నం వడ్డించింది. ఇంటాయన మాత్రం యాంగ్ట్సే, అంటే త్రాషియాంగ్ట్సే మనిషి, ఆయనది జాలా భాష. రెండూ అక్కచెల్లెళ్ళ లాంటి భాషలట. ఆయన తనది మాట్లాడతాడు, ఆవిడ తనది మాట్లాడుతుంది, పోట్లాట ఎక్కడా ఆగదు. మా అమ్మాయికి ఇలాంటివి ఆసక్తి. 1853లోనే హాడ్జ్‌సన్ అనే ఇంగ్లీషు దొర తక్పా మాటల్ని పట్టిక రాసి అచ్చేయించాడని చెప్పింది. ఆ ఇంట్లో చిన్న మనవడు మాత్రం అమ్మమ్మ దక్పాలో అడిగితే భూటాన్ జాతీయ భాష జోంఖాలో జవాబిస్తాడు, లేదా ఇంగ్లీషులో. గుంటూరులో మా అబ్బాయి పిల్లలూ అంతే, ఆ గొడవ ఇంకోసారి.

చోర్టెన్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1740లో లామా న్గవాంగ్ లోదే కట్టించాడు. నేపాల్ బౌద్ధనాథ్ స్తూపాన్ని ముల్లంగి మీద చెక్కి తెచ్చాడనీ, దారిలో ముల్లంగి వడిలి ముడుచుకుపోవడంతో ఇది అచ్చం దానిలా రాలేదనీ అంటారు. ఆ కథకి నవ్వుకున్నాను. రెండో కథకి నవ్వు రాలేదు. కట్టడం పూర్తయ్యేముందు తవాంగ్ వైపు నుంచి వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్ల లోపలికి వెళ్ళి కూర్చుందట. లోకం కోసం ధ్యానం చేస్తానందట. పైన మూసేశారు. డాకిని, అంటే అమ్మవారి అంశ అంటారు. అందుకే ఏటా వాళ్ళ పంచాంగంలో మొదటి నెల పౌర్ణమికి దక్పాలు సరిహద్దు దాటొచ్చి ఈ ప్రదక్షిణ చేస్తారు. అదే దక్పా కోరా. భూటాన్ వాళ్ళది ద్రుక్పా కోరా, పదిహేను రోజుల తర్వాత. ఈసారి లెక్కలో ఇది మన ఫాల్గుణ పౌర్ణమి, అది మన కొత్త అమావాస్య.

"ఎనిమిదేళ్ళ పిల్లని కన్నతల్లి ఎలా పంపింది?" అని ఉండబట్టలేక అడిగాను. అమ్మాయి ఆ ప్రశ్నని ఇంగ్లీషులో ఇంటాయనకి, ఆయన జాలాలో ఆవిడకి చేరవేశారు. జవాబు మాత్రం ఆవిడ నేరుగా నాకే చెప్పింది, వచ్చీరాని హిందీలో. "పుట్టింటివాళ్ళం కదా. అందుకే ఏడాదికోసారి చూసి వెళ్తాం."

ఇక జనం! పౌర్ణమి నాటి సాయంత్రం దారి నిండా దుకాణాలు. ప్లాస్టిక్ బొమ్మలు, దుప్పట్లు, ప్రెషర్ కుక్కర్లు, పాచికలాట, ఒక్కో దుకాణంలో ఒక్కో పాట. మా కోటప్పకొండ తిరునాళ్ళే గుర్తొచ్చింది, ప్రభలు ఒక్కటే తక్కువ. ప్రదక్షిణ దారిలోనే నిలబడి సెల్ఫీలు. వెనకనుంచి ఎవడో తాగి తూలుతూ నా మడమ తొక్కాడు. లలితా సహస్రం చదువుకుంటూ తిరుగుదామనుకున్నా, "శ్రీమాతా" దగ్గరే నాలుగుసార్లు తెగింది. ఇంత దూరం వచ్చింది ఈ గోలకా అని కోపమొచ్చింది. వెన్నదీపాల గదిలోకి దూరబోతే ఊపిరాడలేదు, బయటికొచ్చేశాను.

రాత్రి ముదిరేకొద్దీ దుకాణాల జనం పలచబడ్డారు. మిగిలింది తిరిగేవాళ్ళే. అప్పుడు తెలిసింది ఎవరు దక్పాలో. ముదురు గులాబీ పట్టు గౌన్లు, పైన ఎర్ర కోట్లు, యాక్ వెంట్రుకలతో నేసిన నల్ల టోపీలు. టోపీ అంచునుంచి పిలకలు దిగి ఉంటాయి, వాన నీళ్ళు మొహం మీద పడకుండా వాటి కొసలనుంచి జారిపోతాయట. దగ్గు, చెప్పుల చప్పుడు, మణిచక్రాల కిర్రు, "ఓం మణి పద్మే హుం". నా లలితా సహస్రం అప్పుడు గాడిలో పడింది.

చలికి మోకాలు పట్టేసింది. ఒక మలుపులో కాలు మడవబోతే మడతపడలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. కూర్చుంటే మొక్కు చెడుతుందేమోనని టెన్షను, నిలబడితే ప్రాణం పోతోంది. మా అమ్మాయి అప్పటికే జనంలో ఎక్కడో వెనకబడింది.

ఒక మామ్మ ఆగింది. ఎనభై ఉంటాయేమో, నా భుజం దాకా వస్తుంది. నన్నూ, నా మోకాల్నీ చూసి ఏదో అంది. నేను తెలుగులోనే "కదలట్లేదమ్మా" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నడుముకి చుట్టుకున్న నేత పట్టీ విప్పింది. ఎర్రటిది, బెత్తెడు వెడల్పు, మధ్యలో తెల్లటి గీతలు, అంచులు చేతుల జిడ్డుకి నల్లబడ్డాయి. నేల మీద గొంతుక్కూర్చుని నా చీర కుచ్చిళ్ళు పక్కకి తోసి, మోకాలి కిందనుంచి మొదలుపెట్టి అడ్డంగా నిలువుగా మెలివేస్తూ పైదాకా చుట్టింది. బిగించేటప్పుడు పళ్ళతో పట్టుకుంది కొసని. ఆ పట్టీ ఆవిడ ఒంటి వేడితో ఇంకా వెచ్చగా ఉంది. లేచి నా చెయ్యి పట్టుకుని లాగింది. గౌను జారకుండా రెండో చేత్తో పట్టుకుని నడిచింది పాపం.

ఆవిడ మనవడు కుర్రాడు, హిందీ బాగా వచ్చు. ఎక్కణ్నుంచి అని అడిగితే ఆంధ్రా అన్నాను. ఆ ముక్క వినగానే మామ్మ ఆగిపోయింది. "అమరావతి!" అంది. 2006 జనవరిలో దలైలామా చేసిన కాలచక్ర అనే బౌద్ధ పూజకి ఆవిడ అమరావతి వచ్చిందట. జనవరిలో అంత ఎండేమిటని చేత్తో విసురుకుని చూపించింది. కృష్ణలో మునిగిందట, మిరపకాయలు కొని తవాంగ్ దాకా మోసుకెళ్ళిందట. ఆ జనవరిలో అమరావతి బస్సు ఎక్కలేక, ఎక్కడి జనంరా బాబూ అని మేం తిట్టుకున్నాం. ఆ జనంలో ఈవిడ ఒకరన్నమాట. అమ్మాయి సంగతి చెప్పాను, కుర్రాడు దక్పాలో చెప్పాడు. మామ్మ చోర్టెన్ వైపు గడ్డం ఎత్తి ఏదో చిన్నగా అంది. దానికి మాత్రం కుర్రాడు హిందీ చేయలేదు. నేనూ అడగలేదు.

తెల్లవారుజామున ఏటి మీదనుంచి మంచు లేచి చోర్టెన్‌ని మింగేసింది. కిందనున్న సున్నం గోడ తప్ప ఏమీ కనిపించలేదు. గోడ పట్టుకుని తిరుగుతున్నాం. ఒక్కసారి గాలి కొట్టింది. పైన మంచు విడిపోయి ఆ కళ్ళు కనిపించాయి. నాలుగు వైపులా ఉంటాయి కదా, మా వైపువి రెండు. వెన్నెల వాటి మీదే పడుతోంది. పగలు చూసినప్పుడు గోడ మీద రంగు అనుకున్నాను. ఇప్పుడు అవి మమ్మల్ని చూశాయి, నేను ఒట్టేసి చెప్తాను. లోపల కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చింది, ఆసుపత్రి మంచం మీద నా పిల్ల గుర్తొచ్చింది. శ్లోకం పోయింది, నోట్లోంచి "తల్లీ" తప్ప ఏమీ రాలేదు. మామ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. వెనకనుంచి ఎవరో తోస్తే ఇద్దరం కదిలాం. తర్వాతి చుట్టుకి మళ్ళీ మంచే.

తెల్లారాక ఇంటావిడ ఫ్లాస్కుతో వచ్చింది. యాంగ్ట్సే చెక్క గిన్నెలకి పేరు. అలాంటి గిన్నె నా చేతిలో పెట్టి ఉప్పువేసిన వెన్న టీ పోసింది. మొదటిసారి మొహం తిప్పుకున్న టీ అది, ఇప్పుడు రెండు గిన్నెలు తాగాను. పట్టీ విప్పి మామ్మకి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని దులిపి నడుముకి చుట్టుకుంది.

అంతలో విచారణ మొదలైంది. నేను రాత్రంతా తిరిగానా, మధ్యలో కూర్చున్నానా అని ఇంటావిడ అడుగుతోంది. మామ్మా, మనవడూ సాక్షులు. ముగ్గురూ దక్పాలో గొంతులు పెంచేశారు. గోడకి ఆనుకుని నిలబడటం కూర్చోవడం కింద వస్తుందా రాదా అన్నది తగవట, అమ్మాయి ఊహించి చెప్పింది. మామ్మ నా మోకాలు చూపిస్తూ ఇంటావిడ మీదకి వెళ్ళింది. ఇంటాయన జాలాలో ఏదో సర్దబోతే ఇద్దరూ కలిసి ఆయన నోరు మూయించారు. నేను ముద్దాయిలా గిన్నె పట్టుకుని నిలబడ్డాను.

చివరికి ఇంటావిడ నా వైపు తిరిగి, "హో గయా" అంది. మొక్కు చెల్లింది. ఆ తర్వాత అమ్మాయితో ఇంకేదో చెప్పింది. అమ్మాయి పడీపడీ నవ్వింది.

వచ్చే ఏడు నాన్నగారు వచ్చి తిరుగుతారని ఇప్పుడే మొక్కేసిందట. ఆయనకి ఇంకా చెప్పలేదు.