కాల్మియా కటింగ్స్: గడ్డ కడుతోంది, వేరు మాత్రం రావడం లేదు

కాల్మియా అనే పూల పొద ఆకుల్ని నమ్మకూడదు. ట్రేలో ఉన్న కటింగ్స్ అన్నీ నిగనిగలాడుతున్నాయి, ఒక్క ఆకూ వాడలేదు. చలికాలం మొదట్లో పెట్టినవి, ఇప్పుడు ఎండలు ముదురుతున్నాయి. ఇక ఆగలేక ఒకదాన్ని పట్టి మెల్లగా లాగాను. ఏ పట్టూ లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది. అడుగున మైనం ముద్ద అంటించినట్టు తెల్లటి గడ్డ, బఠానీ గింజంత. అదే కాలస్, కోసిన చోట మొక్క కట్టుకునే కణజాలం. వేరన్న మాటే లేదు. పక్కవి లాగి చూస్తే అవీ అంతే.

చిరాకు ఎందుకంటే, అదే ట్రేలో, అదే వేడి మీద, అదే వేరు మందుతో పెట్టిన అజేలియా పూల మొక్కలు ఎప్పుడో వేర్లు తన్ని కుండీల్లోకి వెళ్లిపోయాయి. కాబట్టి ట్రేనీ హీట్ మ్యాట్‌నీ తిట్టి లాభం లేదు.

ఏం చేశానో వివరంగా రాస్తాను, ఎవరికైనా తేడా కనిపిస్తుందేమో. ఆ ఏడాది పెరిగిన కొమ్మ, పొడవు 8 నుంచి 10 సెంటీమీటర్లు, పెన్సిల్ కంటే సన్నం. పూమొగ్గలు గిల్లేసి పైన నాలుగు ఆకులే ఉంచాను. అడుగున రెండు వైపులా 2 సెంటీమీటర్ల మేర బెరడు చెక్కాను. మందు ఐబీఏ (వేర్లు పుట్టించే హార్మోన్) 0.8 శాతం పౌడర్, అంటే హార్మోడిన్ 3 పేరుతో అమ్మేది. గుచ్చిన మిశ్రమం పీట్ (నాచు ఎరువు), పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) సగం సగం. అడుగున 23 డిగ్రీలు, పైన గాలి 15 డిగ్రీల దగ్గర. పైన మూత, రోజుకు 16 గంటల లైటు.

నా మొదటి అనుమానం నీళ్ల మీద. పెట్టినప్పుడు పీట్ మిశ్రమం పీహెచ్ (ఆమ్లత కొలత, అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువ) 4.6. మొన్న చూస్తే 5.9. కుళాయి నీళ్లలోని సున్నం మెల్లగా ఎక్కించేసింది. కాల్మియాకి 4.5 నుంచి 5.5 మధ్య ఉంటేనే హాయి. కానీ అజేలియాలకీ అవే నీళ్లు పోశాను, వాటికేం కాలేదు. అవి తొందరగా వేరు తన్నాయి కాబట్టి పీహెచ్ పెరిగేలోపే బయటపడ్డాయేమో. అలా అనుకుంటే లెక్క సరిపోతుంది, కానీ రుజువు లేదు.

రెండోది తల్లి మొక్క వయసు. ఇది బాగా ముదిరిన పొద. కాల్మియాలో ముదురు మొక్క కొమ్మకి వేరు పట్టడం కష్టం, లేత నారు కొమ్మకి సులువు. పేరున్న రకాలు 1980ల నుంచి టిష్యూ కల్చర్‌లో (ల్యాబ్‌లో చిన్న కణజాలం ముక్క నుంచి పెంచే పద్ధతి) విరివిగా రావడానికి కారణమూ ఇదే. నా ఓటు ఈ అనుమానానికే.

మూడోది మందు. పౌడర్ సగం పీట్‌లోకి గుచ్చేటప్పుడే రాలిపోతుంది. అజేలియాకి ఆ మిగిలింది చాలు, దీనికి చాలదనుకుంటా. ఈ మొండిదానికి మాత్రం ద్రవమే మేలు అనిపిస్తోంది. అందులోనూ ఆల్కహాల్‌లో కలిపినవాటి కంటే నీళ్లలో కరిగే కే-ఐబీఏ నాకు నచ్చుతుంది, చెక్కిన చోట కణజాలం మాడదు.

గడ్డ కట్టిన పుల్లల్ని పారేయలేదు. సగంవాటికి గడ్డని ఒక పక్క బ్లేడుతో కోసి, లోపలి పచ్చటి పొర కనబడగానే కే-ఐబీఏ 5000 పీపీఎం (అంటే 0.5 శాతం) ద్రవంలో ఐదు సెకన్లు ముంచి మళ్లీ గుచ్చాను. మిగతా సగం ముట్టుకోలేదు, పోల్చుకోవడానికి. రెండింటికీ వాననీళ్లే.

మంచి కబుర్లు క్లుప్తంగా: ఆకు మచ్చ తెగులు పొద లోపల గాలి ఆడేలా కత్తిరించాక తగ్గింది. పొట్టి రకం 'ఎల్ఫ్' విరగబూసింది. పువ్వులో పది కేసరాలు, ఒక్కోటీ రేకు గుంటలో తల ఇరికించుకుని విల్లులా వంగి ఉంటుంది. సూది మొనతో తాకితే టప్‌మని లేచి పుప్పొడి చిమ్మింది. తుమ్మెద వాలినా అదే జరుగుతుంది. ఆ పూట పని మానేసి ఒక్కో పువ్వునీ గిల్లుతూ కూర్చున్నాను. అన్నట్టు మొక్కంతా విషమే, ఆకూ పువ్వూ తేనె సహా. మేకలున్న చోట కంచె తప్పనిసరి.

ఈసారి నేల అంటు కూడా కడతాను. కింది కొమ్మని గాటు పెట్టి, వంచి, పైన్ బెరడు పొడి కలిపిన మట్టిలో పూడ్చి, పైన రాయి పెట్టి ఉంచితే చాలు. వేరు పట్టడానికి ఏడాది పైనే పట్టొచ్చు, కానీ తల్లి పోషిస్తుంది కాబట్టి టెన్షన్ లేదు. విత్తనాలూ చల్లాలి. ధూళిలా ఉంటాయి, మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. ఎర్ర మొగ్గల 'ఒలింపిక్ ఫైర్' విత్తనం అదే రంగు ఇస్తుందన్న గ్యారంటీ లేదు. ఇవ్వకపోయినా పర్వాలేదు, నాకు కావలసింది లేత నారు. వాటి కొమ్మలతో ఇదే ట్రేలో కే-ఐబీఏ 3000, 5000, 8000 పీపీఎం పక్కపక్కనే పెట్టి చూడాలి.