వీల్‌చెయిర్ ఎంపిక కూర్చునే మనిషితో మొదలుకావాలి

ఏ రకం వీల్‌చెయిర్ కొంటే మంచిదని అడిగేవారికి నేను వెంటనే ఒక పేరు చెప్పలేను. చెప్పకూడదని కూడా నా అభిప్రాయం. అందులో కూర్చోబోయే వ్యక్తి రోజుకు ఎన్ని గంటలు కూర్చుంటారు, దాన్ని తామే నడుపుకుంటారా లేక వెనుకనుంచి మరొకరు తోస్తారా, మంచం మీదినుంచి కుర్చీలోకి ఎలా మారుతారు, పిరుదులలోనూ కాళ్లలోనూ స్పర్శ తెలుస్తుందా అన్నవి అడగకుండా ఇచ్చే సలహా, రోగిని చూడకుండా రాసే మందుచీటీ వంటిది. వీల్‌చెయిర్లు అమర్చే పనిలో నాకు ఎక్కువగా ఎదురయ్యేవి నాసిరకం కుర్చీలు కావు. నాణ్యమైన కుర్చీలే, మరొకరి శరీరానికీ మరొకరి దినచర్యకూ తగినవి, వీరి ఇంటికి వచ్చి ఉంటాయి.

వీల్‌చెయిర్ అనగానే చాలామందికి ఒకే రూపం గుర్తుకు వస్తుంది. ఉక్కు గొట్టాల చట్రం, సీటు కింద ఒకదానినొకటి అడ్డంగా దాటే రెండు కమ్మీలు, వెనుక పెద్ద చక్రాలు, ముందు చిన్న చక్రాలు. గని ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్న ఇంజనీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933లో అమెరికాలో రూపొందించిన మడత కుర్చీ నమూనా అది. కారులో పెట్టుకుని వెళ్లగలగడం ఆనాటికి గొప్ప స్వేచ్ఛ. ఆ నమూనా ఈనాటికీ ఆసుపత్రుల్లోనూ విమానాశ్రయాల్లోనూ కనిపించడం సబబే, ఎందుకంటే ఎవరినైనా కాసేపు కూర్చోబెట్టి ఒకచోటినుంచి మరోచోటికి చేర్చడానికి అది చక్కగా సరిపోతుంది. అయితే కాసేపటి కోసం చేసిన ఆ కుర్చీనే, రోజుకు పది పన్నెండు గంటలు కూర్చునే మనిషికి ఇచ్చినప్పుడు చిక్కులు మొదలవుతాయి. దాని బరువు సాధారణంగా 16 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది. వెనుక చక్రాల ఇరుసును ముందుకో వెనక్కో జరపడానికి వీలుండదు. సీటుగా ఉండే రెగ్జిన్ పట్టీ వాడేకొద్దీ నడుమ కుంగుతుంది, అలా కుంగిన సీటులో తొడలు లోపలికి ఒరిగి, కటిభాగం ఒక పక్కకు వాలి, ఆ వాలును సర్దుకోవడానికి వెన్ను రెండో పక్కకు వంగుతుంది.

అందుకే నేను చక్రాల కంటే ముందు సీటు కొలతలు చూస్తాను. కాస్త వదులుగా ఉంటే హాయిగా ఉంటుందని చాలా కుటుంబాలు వెడల్పాటి సీటు ఎంచుకుంటాయి, కాని వదులైన సీటులో మనిషి ఒక పక్కకు జారిపోతారు, చక్రాలు దూరమై చేతులు బార్లా చాచి తోయవలసి వస్తుంది, కుర్చీ మొత్తం వెడల్పు పెరిగి తలుపుల దగ్గర ఇరుక్కుంటుంది. గట్టి పలక మీద నిటారుగా కూర్చోబెట్టి తుంటి దగ్గర అత్యధిక వెడల్పును కొలిచి, సీటును దాదాపు అంతే ఉంచడం సరైన పద్ధతి. ఇరుపక్కలా ఒక వేలు దూరేంత ఖాళీ చాలు. లోతు విషయం ఇంకా సున్నితమైనది. పిరుదుల వెనుక భాగం నుంచి మోకాలి మడత వరకు కొలిచి, అందులోంచి 3 నుంచి 6 సెంటీమీటర్లు తగ్గించాలి. సీటు అంతకంటే లోతుగా ఉంటే దాని అంచు మోకాలి వెనుక ఒత్తుతుంది, ఆ బాధ తప్పించుకోవడానికి మనిషి ముందుకు జారతారు, నడుము వెనక్కి ఒరిగి వీపు గూనుగా మారుతుంది. 'ఈయన ఎంత సరిగ్గా కూర్చోబెట్టినా జారిపోతున్నారు' అని ఇంట్లోవాళ్లు చెప్పినప్పుడు, నడుముకు బెల్టు బిగించే ముందు సీటు లోతు కొలిచి చూడమని నేను కోరతాను. అసలు కారణం అక్కడ దొరికే సందర్భాలు చాలా ఉంటాయి.

పాదాలు ఆనించే పలకల ఎత్తును చాలామంది పట్టించుకోరు. అవి మరీ ఎత్తుగా ఉంటే మోకాళ్లు పైకి లేచి, తొడల మీద పడవలసిన బరువంతా పిరుదుల ఎముకల మీదకు చేరుతుంది. మరీ కిందకు ఉంటే పాదాలు వేలాడి మనిషి ముందుకు జారతారు. తొడ పూర్తిగా సీటుకు ఆని ఉండాలి, పలకకూ నేలకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. వీపు ఆనించే భాగం ఎత్తు మాత్రం మనిషిని బట్టి మారుతుంది. తామే చక్రాలు తోసుకునేవారికి భుజపుటెముకల కింది అంచు దాటకుండా ఉంటేనే చేతులు వెనక్కి స్వేచ్ఛగా కదులుతాయి. మొండెం మీద పట్టు తక్కువగా ఉన్నవారికి అంతకంటే ఎత్తైనది, ఒక్కోసారి పక్కల ఆసరా, తల ఆసరా కూడా కావాలి.

ఇక కుషన్. స్పర్శ లేనివారికి కుషన్‌ను అదనపు సౌకర్యంగా చూడకూడదు, అది కుర్చీలో విడదీయరాని భాగం. మామూలుగా మనం కూర్చున్నచోట నొప్పి పుట్టగానే తెలియకుండానే కదులుతాం. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆ నొప్పి కబురు మెదడుకు చేరదు, రక్తప్రసరణ ఆగిన చర్మం కింద కండ చచ్చిపోయి ఒత్తిడి పుండు మొదలవుతుంది. అది పైకి ఎర్రని మచ్చలా కనిపించేనాటికే లోపల లోతుగా దిగి ఉండవచ్చు, ఇన్ఫెక్షన్ సోకితే ప్రాణం మీదకు రావచ్చు. గట్టి ఫోమ్‌తో చేసినవి తేలికగా ఉండి కటిభాగానికి స్థిరత్వం ఇస్తాయి. గాలి గదులున్నవి ఒత్తిడిని బాగా పంచుతాయి, కాని గాలి సరిగ్గా ఉందో లేదో తరచూ చూసుకోవాలి. జెల్ ఉన్నవి బరువెక్కువ, జెల్ పక్కకు జరిగితే చేత్తో మళ్లీ సర్దాలి. ఒకసారి పుండు పడిన మనిషికి, ఎవరి మీదా ఆధారపడకుండా గాలి సరిచూసుకోగలిగితే, నేను గాలి కుషన్ వైపే మొగ్గుతాను. ఏది వాడినా, ముందుకు గానీ పక్కకు గానీ వంగి బరువు తొలగించే అలవాటు తప్పదు. ఎముకల కింద ఒత్తిడి నిజంగా తగ్గి రక్తం మళ్లీ ప్రవహించాలంటే కొన్ని సెకన్లు చాలవు, దాదాపు రెండు నిమిషాలు అలా ఉండాలి.

సీటు తేలాక, కుర్చీని ఎవరు నడుపుతారన్న ప్రశ్న వస్తుంది. నాలుగు చక్రాలూ చిన్నవిగా ఉండే ట్రాన్సిట్ కుర్చీ తేలిక, ఇరుకు దారుల్లో సులువు, కారులో పెట్టడం తేలిక. కాని అందులో కూర్చున్న మనిషి తనంతట తాను ఒక్క అడుగు కూడా కదలలేరు. చేతుల్లో బలం ఉన్న వ్యక్తికి, తోసేవారికి సులువుగా ఉంటుందని ఆ కుర్చీ ఇవ్వడాన్ని నేను అన్యాయమనే అంటాను. కిటికీ దగ్గరకు వెళ్లాలన్నా, ఇష్టం లేని సంభాషణ నుంచి తప్పుకోవాలన్నా మరొకరిని పిలవవలసిన స్థితి మనిషిని లోలోపల చిన్నబుచ్చుతుంది.

తామే తోసుకునేవారికి బరువు తగ్గే ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది. అల్యూమినియంతోనో టైటానియంతోనో చేసిన, మడవడానికి వీల్లేని చట్రం గల కుర్చీలు తోపులోని శక్తిని చట్రం అతుకుల్లో వృథా కానివ్వవు. భుజం మనిషి బరువు మోయడానికి ఏర్పడిన కీలు కాదు, ఏళ్ల తరబడి చక్రాలు తోసేవారిలో భుజం నొప్పి సర్వసాధారణం. అందుకే వెన్నుపాము వైద్య నిపుణులు 2005లో వెలువరించిన మార్గదర్శకాల్లో, వీలైనంత తేలికైన, ఇరుసును సర్దగలిగే కుర్చీ ఇవ్వాలని గట్టిగా చెప్పారు. ఇరుసును ముందుకు జరిపితే బరువు వెనుక చక్రాల మీద పడి కుర్చీ సులువుగా దొర్లుతుంది, కాని వెనక్కి తిరగబడే ప్రమాదమూ పెరుగుతుంది. కొత్తవారికి వెనుక ఆసరా చక్రాలు పెట్టి, నైపుణ్యం వచ్చేకొద్దీ ఇరుసును కొద్దికొద్దిగా ముందుకు జరపడం మంచిది. రెండు కాళ్లూ తొడల పైనుంచి తొలగించిన వ్యక్తికి మాత్రం ఇరుసును వెనక్కి జరపాలి, లేకపోతే ముందు బరువు లేక కుర్చీ వెనక్కి ఒరిగిపోతుంది. చేతిని చక్రం పై అంచు మీద ఉంచినప్పుడు మోచేయి దగ్గర పైచేతికీ ముంజేతికీ మధ్య కోణం 100 నుంచి 120 డిగ్రీలు ఉంటే సీటు ఎత్తు కుదిరినట్టు.

పక్షవాతం వచ్చినవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక పక్క చేయి, కాలు పనిచేయని పెద్దాయన ఒకరిని మామూలు కుర్చీలో చూశాను. ఒకే చక్రం తిప్పడంతో కుర్చీ గుండ్రంగా తిరిగిపోతుండేది, దాంతో ఇంట్లోవాళ్లు ఆయన నడుపుకోలేరని తేల్చేశారు. సీటు ఎత్తు తగ్గించి, మంచి కాలి వైపు పాదాల పలక తీసివేస్తే, ఆయన మడమతో నేలను లాగుతూ, మంచి చేత్తో చక్రం తిప్పుతూ నేరుగా వెళ్లసాగారు. దానికి కొత్త యంత్రం ఏదీ అవసరం కాలేదు. చేత్తో పట్టి తిప్పే రెండు రిమ్ములూ ఒకే చక్రం వైపు ఉండే ఒంటిచేతి కుర్చీలు కూడా దొరుకుతాయి, కాని అవి బరువైనవి, వాటిని నడపడానికి చేతి బలంతో పాటు ఏకాగ్రత కూడా ఎక్కువగా కావాలి. పాదం నేలకు ఆనించగలిగినవారికి నేను పాదాన్నే ముందు ప్రయత్నిస్తాను.

చేతులతో తోయలేనివారికి, లేదా తోసేసరికి అలసిపోయి మిగతా పనులకు ఓపిక మిగలనివారికి మోటారు కుర్చీ అవసరం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు చేతులూ రెండు కాళ్లూ చచ్చుబడిన సైనికుల కోసం కెనడా ఇంజనీరు జార్జ్ క్లైన్ బృందం చేసిన కృషితో ఈ కుర్చీలు ఆచరణలోకి వచ్చాయి. మోటారు కుర్చీ ఇస్తే బద్ధకం పెరుగుతుందనే మాట నాకు ఎంతమాత్రం నచ్చదు. గడియారం చూసుకుంటూ ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూసే బదులు పనికో చదువుకో తానే వెళ్లగలిగిన మనిషిని బద్ధకస్తుడు అనలేం. మధ్య చక్రాలతో నడిచేవి తక్కువ చోటులో తిరుగుతాయి కనుక ఇంటి లోపలికి అనువు, వెనుక చక్రాలతో నడిచేవి వేగంలో నిలకడగా ఉంటాయి, ముందు చక్రాలతో నడిచేవి చిన్న మెట్టులాంటి అడ్డంకులను బాగా ఎక్కుతాయి. కుర్చీని నడిపే చేతిపుల్లను, అంటే జాయ్‌స్టిక్‌ను, పట్టుకోలేనివారు గడ్డంతో, తలతో, ఊపిరి పీల్చి వదలడంతో కూడా నడపవచ్చు. బరువు తామే మార్చుకోలేనివారికి సీటు మొత్తం వెనక్కి వాలే టిల్ట్ సదుపాయం ఉండాలి, అది కనీసం 30 డిగ్రీలు వాలితేనే ఒత్తిడి గణనీయంగా తగ్గుతుంది. వీపు ఒక్కటే వెనక్కి వాలే రిక్లైన్‌లో చర్మం బట్టకు రాసుకుని లాగబడుతుంది కనుక రెండిటినీ ఒకటిగా భావించకూడదు. అయితే ఈ కుర్చీలు బ్యాటరీలతో కలిపి వంద కిలోలు దాటవచ్చు, మెట్లున్న ఇంట్లో వాటిని ఎత్తే మార్గం లేదు. కొద్ది దూరం నడవగలిగి, నిటారుగా కూర్చోగలిగి, రెండు చేతులూ పనిచేసేవారికి, హ్యాండిల్‌తో నడిపే, నడవలేనివారి కోసం చేసిన బ్యాటరీ స్కూటర్ చాలు.

కుర్చీ తిరిగే చోటును కూడా కొలవాలి. పెద్ద చక్రాల కుర్చీ మొత్తం వెడల్పు సీటు కంటే దాదాపు 20 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. దాన్ని ఇంట్లోని అతి ఇరుకైన ద్వారంతో పోల్చాలి, ఆ ద్వారం చాలా ఇళ్లలో స్నానాలగదిదే అయి ఉంటుంది. గతుకుల నేల మీద తిరిగేవారికి ముందు చక్రాలు పెద్దవిగా, వెడల్పుగా ఉండాలి. చిన్నవి చకచకా తిరిగినా పగుళ్లలో చిక్కుకుని మనిషిని ముందుకు పడేస్తాయి. మట్టిదారులే ఎక్కువైతే మూడు చక్రాల పొడవాటి కుర్చీ స్థిరంగా ఉంటుంది, కాని బల్లల దగ్గరకు చేరడం దానితో కష్టం. గాలి టైర్లు కుదుపును తగ్గిస్తాయి, పంక్చరు వేయించుకోవడం కుదరని చోట గట్టి టైర్లే మేలు.

పిల్లల విషయంలో 'పెరుగుతారు కదా' అని పెద్ద సైజు తేవడం వెన్నుకు హాని చేస్తుంది. సీటు వెడల్పు, లోతు పెంచుకోగలిగే చట్రం తీసుకోవాలి. రెండు మూడేళ్ల పిల్లలు కూడా మోటారు కుర్చీ నడపడం నేర్చుకోగలరు, తనంతట తాను కదలగలిగిన పసివాడికి చుట్టూ ఉన్న లోకం మీద కుతూహలం పెరుగుతుంది. కండరాల క్షీణత వంటి, క్రమంగా ముదిరే వ్యాధులలో ఈనాటి బలాన్ని మాత్రమే చూసి కుర్చీ కొంటే త్వరలోనే అది పనికిరాకుండా పోతుంది, కనుక టిల్ట్‌నూ తల ఆసరానూ తరువాత చేర్చగలిగేదే ఎంచుకోవాలి.

ప్రపంచంలో దాదాపు 8 కోట్ల మందికి వీల్‌చెయిర్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాలు కుర్చీ అందించడాన్ని ఎనిమిది దశలుగా విభజించాయి, వాటిలో కుర్చీని ఇంటికి చేర్చాక కూడా శిక్షణ, మరమ్మతు, తిరిగి పరిశీలన ఉన్నాయి. కనుక డబ్బు కట్టే ముందు అదే కొలతల కుర్చీలో కనీసం అరగంట కూర్చోనివ్వమని, ద్వారం దాటించి, వాలు ఎక్కించి, మంచం మీదికి మారి చూడనివ్వమని అడగండి. చేతులు ఆనించే భాగాలు తీసివేయడానికీ, పాదాల పలకలు పక్కకు తిప్పడానికీ వీలుందో లేదో ఆ సమయంలోనే బయటపడుతుంది. కుర్చీ ఇంటికి వచ్చిన తొలి వారాలలో ప్రతి రాత్రీ పిరుదులు, తోక ఎముక చుట్టూ, మడమలు అద్దంతో పరిశీలించాలి. ఎర్రదనం అరగంట గడిచినా తగ్గకపోతే, ఆ కుర్చీలో కూర్చోవడం ఆపి, అమర్చినవారికి వెంటనే చూపించాలి.