ఓపెన్ సోర్స్ విడుదలకు ప్రెస్ నోట్ సరిదిద్దుతూ

చిన్న గ్రంథాలయాల కోసం కొందరు స్వచ్ఛందంగా రాసిన సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చే నెలలో విడుదల కానుంది. దాని ప్రెస్ నోట్‌ను సరిదిద్దే పని నాకు అప్పగించారు. ముసాయిదా మొదటి పేరాలో ‘విప్లవాత్మకం’, ‘అత్యాధునికం’ వంటి విశేషణాలు చాలా ఉన్నాయి కానీ, ఈ సాఫ్ట్‌వేర్‌తో గ్రంథపాలకుడు ఏ పని చేసుకోగలడో ఒక్క ముక్క కూడా లేదు. విశేషణాలను కొట్టివేయడం తేలికే. అసలు శ్రమ ఆ తరువాత మొదలైంది. ఇతర వస్తువుల ప్రకటనలో రాసినదాన్ని పాఠకుడు నమ్మాలి, లేదా మానుకోవాలి. సోర్స్ కోడ్‌ను అందరూ చూసి, మార్చుకుని వాడుకునేలా బయటపెట్టే ఓపెన్ సోర్స్ విషయంలో మాత్రం, చదివిన గంటలోనే ఎవరైనా ఆ కోడ్‌ను భద్రపరిచే రిపాజిటరీ తెరిచి, లైసెన్స్ ఫైలునూ మార్పుల చరిత్రనూ మన వాక్యాల పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. అందుకే ప్రతి వాక్యానికీ రిపాజిటరీలో ఆధారం ఎక్కడుందో చూపమని రాసినవారిని అడగడమే నా పద్ధతిగా పెట్టుకున్నాను.

ఇటువంటి పనికి కూర్చున్నప్పుడల్లా నేను తలచుకునేది 1998 జనవరి 22న అప్పటి ప్రముఖ వెబ్ బ్రౌజర్ సంస్థ నెట్‌స్కేప్ విడుదల చేసిన ప్రకటనను. అప్పటికి ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరే లేదు. ఆ ప్రకటన రేపిన ఉత్సాహంతో ఫిబ్రవరి 3న పాలో ఆల్టోలో జరిగిన సమావేశంలో క్రిస్టీన్ పీటర్సన్ ఆ పేరును ప్రతిపాదించారు. కాబట్టి నెట్‌స్కేప్ తాను చేయబోయేదాన్ని విడమరిచి చెప్పవలసి వచ్చింది: తన బ్రౌజర్ సాఫ్ట్‌వేర్ కమ్యూనికేటర్ 5.0 సోర్స్ కోడ్‌ను ఆ ఏడాది తొలి త్రైమాసికం ముగిసేలోగా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతామని. మార్చి 31న కోడ్ బయటికి వచ్చింది, మాట నిలిచింది. అయితే కమ్యూనికేటర్ 5.0 పూర్తిస్థాయి ఉత్పత్తిగా ఎన్నడూ వెలువడలేదు. పాత కోడ్‌లో చాలా భాగాన్ని పక్కనపెట్టి మళ్లీ రాసిన తరువాత, 2002 జూన్‌లో గాని ఆ కృషి నుంచి పుట్టిన బ్రౌజర్ మొజిల్లా 1.0 రాలేదు. కోడ్‌ను బయటపెట్టడం పూర్తిగా వారి చేతిలో ఉన్న పని, దానికి తేదీ చెప్పగలిగారు. ఉత్పత్తిని పూర్తి చేయడం అటువంటిది కాదు. ప్రెస్ నోట్ రాసేవారు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలపకూడదని నా అభిప్రాయం.

మా ముసాయిదాలో క్రియలన్నీ వర్తమానంలోనే ఉన్నాయి. బార్‌కోడ్ చదవడం, సభ్యుల నమోదు, గడువు దాటిన పుస్తకాల జాబితా నిజంగానే విడుదల కూర్పులో ఉన్నాయి. తెలుగు శీర్షికలను అక్షరక్రమంలో అమర్చే సదుపాయం మాత్రం ఇంకా ప్రధాన కోడ్‌లో కలపని విడి బ్రాంచ్‌లోనే ఉంది, పరీక్షలు పూర్తి కాలేదు. ‘అందిస్తోంది’ అన్న మాటను అక్కడ తీసివేసి, ఆ పని సాగుతోందని, ఈ కూర్పులో లేదని స్పష్టంగా రాశాను. ఈ మార్పు ప్రకటన బలాన్ని తగ్గిస్తుందని ఒక మిత్రుడు బాధపడ్డాడు. సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ చేసుకున్న రోజునే ఆ సదుపాయం కోసం వెతికి నిరాశపడే గ్రంథపాలకుడిని తలచుకుంటే, నాకు ఆ బలం అక్కరలేదనిపించింది.

లైసెన్స్ దగ్గర ఇంకా జాగ్రత్త అవసరమైంది. ‘పూర్తిగా ఉచితం’ అని ఉన్నచోట ఏజీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లో ఒకటి) మూడవ కూర్పు అని పేరు రాసి, ఈ సాఫ్ట్‌వేర్‌ను మార్చి నెట్‌వర్క్ ద్వారా నడిపేవారు ఆ మార్పుల సోర్స్‌ను వాడుకరులకు అందుబాటులో ఉంచాలన్న షరతును ఒక వాక్యంలో చేర్చాను. గ్రంథాలయ కమిటీలు ‘ఉచితం’ అన్న మాటను ఖర్చే లేదన్న అర్థంలో తీసుకుంటాయి. లైసెన్స్ రుసుము లేదని, సర్వర్‌కూ నిర్వహణకూ ఖర్చవుతుందని చెప్పకపోతే రేపు వారి బడ్జెట్‌లో ఇబ్బంది వస్తుంది. పేరు పెట్టేముందు లైసెన్స్ చదవడం ఎంత ముఖ్యమో 2023 జూలైలో మెటా తన కృత్రిమ మేధ నమూనా లామా 2ను విడుదల చేసినప్పుడు చూశాం. ఆ సంస్థ దాన్ని ఓపెన్ సోర్స్ అని చెప్పుకుంది. లైసెన్స్‌లో చూస్తే, నెలవారీ వాడుకరులు 70 కోట్లు దాటిన సంస్థలు విడిగా అనుమతి పొందాలన్న షరతు ఉంది. ఎవరు, ఏ పనికి వాడాలన్నదానిపై వివక్ష ఉండరాదని చెప్పే తమ ‘ఓపెన్ సోర్స్’ నిర్వచనానికి ఇది సరిపోదని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఆ నెలలోనే అభ్యంతరం తెలిపింది. అప్పటికే ఎన్నో వార్తల్లో ఆ పేరే అచ్చయింది.

అంకెల విషయంలో నాకు డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రకటనల తీరు ఇష్టం. 2023 జూన్ 10న డెబియన్ 12 వచ్చినప్పుడు అందులో మొత్తం 64,419 ప్యాకేజీలు (విడివిడిగా అమర్చుకునే సాఫ్ట్‌వేర్ భాగాలు) ఉన్నాయని చెప్పి ఊరుకోలేదు; కాలం చెల్లినవిగా తొలగించిన 6,296 ప్యాకేజీల సంగతీ చెప్పారు. తీసివేసినవాటిని కూడా లెక్క చెప్పే ప్రకటనను చదువరి మరింత నమ్ముతాడు.

ముసాయిదాలో ప్రధాన డెవలపర్ అన్నట్టుగా ఒక మాట ఉంది. ఎంతో గర్వంగా ఉందని ఆయన అన్నారట. అడిగితే, తాను అలా అననే లేదన్నారు. దాన్ని తొలగించి, విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చిన బీటా కూర్పును వాడి చూసిన ఒక గ్రంథపాలకురాలిని రెండు వాక్యాలు రాసి ఇవ్వమని కోరాను. పుస్తకం ఇవ్వడం, తిరిగి తీసుకోవడం త్వరగా అవుతున్నాయని, లేబుళ్ల ముద్రణ ఇంకా సరిగా రావడం లేదని ఆమె రాశారు. ఆమె అనుమతితో రెండూ ఉంచాం. ఆర్థిక సాయం చేసిన సంస్థ పేరు ‘రూపకర్త’గా ఉన్నచోట ‘సాయం అందించింది’ అని మార్చి, కోడ్ రాసినవారి జాబితాకు లింకు ఇచ్చాం.

ఇక మిగిలింది వరుసక్రమం. రిపాజిటరీలో ఈ కూర్పును గుర్తించే విడుదల ట్యాగ్ పడి, సోర్స్ ఫైళ్లు, డౌన్‌లోడ్ పేజీ అందరికీ తెరుచుకుంటున్నాయని బయటి కంప్యూటర్ నుంచి సరిచూసిన తరువాతే విలేకరులకు మెయిల్ వెళ్లాలి. సాయంత్రం పత్రిక డెస్క్‌కు సందేహం వస్తే వెంటనే జవాబు చెప్పగల మనిషి నంబరే ప్రకటన చివర ఉండాలి. ఆ రోజుకు ఆ బాధ్యత తాను తీసుకుంటానని డాక్యుమెంటేషన్ రాసే అమ్మాయి ఒప్పుకుంది.