స్మెల్‌ఫంగస్ అనే మాట, దాని వెనుక మనిషి

దేన్ని చూసినా లోపమే వెతికే విమర్శకుణ్ణి ఇంగ్లీషులో స్మెల్‌ఫంగస్ అంటారు. స్మెల్ అంటే వాసన, ఫంగస్ అంటే బూజు; ఎక్కడ బూజు వాసన తగులుతుందా అని ముక్కు పెట్టి వెతికేవాడని అర్థం చెప్పుకోవచ్చు. మనం రంధ్రాన్వేషి అంటాం, ఒళ్ళు మండితే కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాడంటాం. ఈ ఇంగ్లీషు మాట మాత్రం ఒకే ఒక్క మనిషి కోసం పుట్టింది.

ఆ మనిషి స్కాట్లండ్ నవలాకారుడు టొబయస్ స్మాలెట్. ఫ్రాన్స్, ఇటలీ యాత్రల గురించి ఆయన లేఖల రూపంలో రాసిన పుస్తకం 1766లో వచ్చింది. సత్రాలు, వాటి యజమానులు, బండివాళ్ళు ఎవరూ ఆయన నోటినుంచి తప్పించుకోలేదు. రోమ్‌లోని పాంథియాన్‌ను, కప్పు నడుమ నుంచి ఆకాశం కనిపించే ఆ మహా కట్టడాన్ని చూసి, పైన తెరిచి ఉన్న పెద్ద కోడిపందేల బరిలా ఉందని రాశారు. 1768లో మరో నవలాకారుడు లారెన్స్ స్టెర్న్ తన ప్రయాణ నవల 'సెంటిమెంటల్ జర్నీ'లో ఆయనకు స్మెల్‌ఫంగస్ అని పేరు పెట్టి, చిరాకునూ కామెర్లనూ వెంటబెట్టుకుని బయలుదేరాడు గనుక దారిలో చూసిందల్లా రంగు మారి, వంకరపోయి కనిపించిందని రాశారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత వింటూ పెరిగిన నాకు ఆ వాక్యం మన ఊళ్ళో ఎవరో అన్నట్టే వినిపించింది. దారిలో పడ్డ పాట్లను లోకమంతటికీ చెబుతానని ఆ నవలలో స్మెల్‌ఫంగస్ అంటే, నీ వైద్యుడికి చెప్పుకోవడం మేలని కథకుడు బదులిస్తాడు.

స్మాలెట్ స్వయంగా వైద్యం నేర్చినవాడు. 1763లో, పదిహేనేళ్ళ ఏకైక కుమార్తె చనిపోయిన కొద్ది నెలలకే, భార్యతో కలిసి ఇంగ్లండ్ విడిచారు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు ఆయన్ను పీడిస్తోంది. తన ఇంట జరిగిన ఆ తీరని నష్టాన్ని మొదటి లేఖలోనే ప్రస్తావించారు. అది తెలిశాక ఆ పుస్తకంలోని కసురు నాకు వేరుగా వినబడింది. ఆయన తీర్పులు కొన్ని అన్యాయమైనవే, స్టెర్న్ దెబ్బ గురి తప్పలేదు కూడా. కానీ ఆ మాట బిడ్డను పోగొట్టుకున్న తండ్రిని మరుగుపరిచి, ముక్కు చిట్లించిన ముఖాన్నే మిగిల్చింది. స్టెర్న్ కూడా ఊపిరితిత్తుల రోగే. తన 'సెంటిమెంటల్ జర్నీ' వచ్చిన నెల తిరక్కుండానే కన్నుమూశారు.

అదే స్మాలెట్ ఇప్పటి ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ పట్టణంలో ఉన్న కాలమంతా అక్కడి ఎండనూ గాలినీ వాననూ ఓపికగా నమోదు చేసి, ఆ వాతావరణాన్ని మెచ్చుకున్నారు. నీస్‌లో ఇప్పటికీ ఆయన పేరుతో ఒక వీధి ఉంది.